నెత్తళ్ళ వాసన పట్టుకుని వచ్చిన పిల్ల

మా అమ్మాయిని ఈత క్లాసులో దింపి నేను కారులోనే కూర్చుంటాను. మిగతా తల్లులందరూ కాఫీ కప్పులు పట్టుకుని లోపల బల్లల మీద కూర్చుని పిల్లల్ని చూసి మురిసిపోతూ ఉంటారు. "వై డోంట్ యూ కమ్ ఇన్, అమ్మా?" అని అది విసుక్కుంటుంది. ఫోన్ వచ్చిందనో, తలనొప్పనో ఏదో ఒక సాకు చెప్తాను. అసలు సంగతి ఆ క్లోరిన్ వాసన. మేముండే ఎడ్మండ్‌సన్ పార్క్‌లో మా వీధి వీధంతా ఈతకొచ్చే పిల్లలే, వాళ్ళని ఈదించే అమ్మలే. నాకు మాత్రం ఆ వాసన పడదు. నిన్న వాన కుమ్మరిస్తుంటే తప్పక లోపలికి వెళ్ళాను. కాసేపు కూడా నిలబడలేక, తడిసినా ఫరవాలేదని బయటికి వచ్చేశాను. ఇక రోజంతా నా చిన్నప్పటి ఆ వేసవే కళ్ళ ముందు.

అప్పట్లో మేము క్వీన్స్‌లాండ్‌లో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. ఊరు మొత్తానికి తెలుగు మాట్లాడే కొంప మాదొక్కటే. పేరుకి డాక్టరే గాని, ఇండియా చదువు కాబట్టి నాన్నకి ఇంకా పూర్తి రిజిస్ట్రేషన్ రాలేదు. పై డాక్టర్ల కనుసన్నల్లో మెలగాలి. ఒక్క ఫిర్యాదు వెళ్ళిందంటే మూటాముల్లె సర్దుకుని వెనక్కి పోవాల్సిందే. అందుకని మా ఇంట్లో అన్నిటికీ భయమే. గట్టిగా నవ్వితే భయం, ప్రార్థన గట్టిగా చేస్తే భయం, తపాలా పెట్టెలో సర్కారు వాళ్ళ గోధుమరంగు కవరు కనిపిస్తే భయం. పోలీసు కారు మా వీధిలోకి తిరిగితే అమ్మ గబగబా కర్టెన్లు లాగేసేది. మనం చేసిన నేరమేమిటని అడిగితే, "నోరుముయ్యవే, పరాయి దేశంలో ఉన్నాం" అనేది.

ఇంత భయస్తురాలికీ ఒక్క విషయంలో మాత్రం తెగింపు ఉండేది. మచిలీపట్నం మనిషి, ఎండు నెత్తళ్ళు, అదే వేలెడు ఎండుచేపలు, లేకపోతే బతకలేదు. సిటీలో చైనా వాళ్ళ కొట్లో దొరికేవి. వాటి తలలు తుంచి, నూనెలో కరకరలాడేలా వేయించి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, ఇంత కారం వేసి దింపేది. ఆ రోజు వీధిలో కిటికీలన్నీ టపటపా మూసుకునేవి. పక్కింటి ఆంటీ ఒకసారి కంచె దగ్గరికి వచ్చి, మీ ఇంటి కింద ఏదో జంతువు చచ్చిపడి ఉన్నట్టుంది, చూసుకో లవ్ అని, అందర్నీ పిలిచినట్టే పిలిచి, చాలా మర్యాదగా చెప్పి వెళ్ళింది. అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది గాని నెత్తళ్ళు మానలేదు.

పక్కింటి ఆంటీ భర్త పోయిన తెల్లావిడ. మంచిది. ఊళ్ళో పెద్ద ఈతకొలను ఉంది కాబట్టి, ఈత నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకి తన ఇంట్లో ఒక గది ఇచ్చేది. జపానులో చలికాలమైతే క్వీన్స్‌లాండ్‌లో ఎండాకాలం కదా, ఆ ఏడు ఆ దేశం నుంచి ఒక జట్టు మా ఊరికి సాధనకి వచ్చింది. ఆ జట్టులో ఒక అమ్మాయి ఆంటీ ఇంట్లో దిగింది.

ఒకనాటి మధ్యాహ్నం అమ్మ నెత్తళ్ళు వేయిస్తుంటే ఊరంతా కిటికీలు మూసుకుంటున్న వేళ, కంచె అవతల ఒక తల లేచింది. తడి జుట్టు, ఎండకి కమిలిన ముక్కు. కళ్ళు మూసుకుని గాలి పీలుస్తోంది. నేను గడపలో బొమ్మలా నిలబడిపోయాను. ఆ అమ్మాయి కళ్ళు తెరిచి నన్ను చూసి, నడుం వంచి దణ్ణం పెట్టి, "మై హౌస్ స్మెల్" అంది. అమ్మ గరిట పట్టుకుని బయటికి వచ్చింది. సంగతి అర్థమయ్యాక ఆవిడ మొహం చూడాలి. ఇన్నేళ్ళకి తన వంటని మెచ్చుకునే మనిషి ఈ దేశంలో దొరికింది. "ఆ పిల్లని లోపలికి రమ్మనవే, అన్నం వేడిగా ఉంది" అంది.

అలా మొదలైంది. ఆంటీ పెట్టే సాసేజిలు, బంగాళాదుంప ముద్ద ఆ పిల్ల గొంతు దిగేవి కావు. రోజూ మధ్యాహ్నం ఈత అయ్యాక కంచె దూకి వచ్చేది. అన్నం, పప్పు, నెత్తళ్ళు, చివర పెరుగు. నాకంటే మూడేళ్ళు పెద్దది, నేను అక్క అనేదాన్ని, పెద్దవాళ్ళందరినీ అలాగే పిలవాలనుకుని మా అమ్మని కూడా అక్క అని పిలిస్తే నేను పడీ పడీ నవ్వాను. మెల్లగా అమ్మని ఆంటీ అనడం నేర్చుకుంది. చాలు అనే మాట మాత్రం ఎప్పటికీ నేర్చుకోలేదు, అమ్మ వడ్డిస్తూనే ఉండేది, ఆమె తింటూనే ఉండేది. తర్వాత ఇద్దరం ఆంటీ పెరట్లో పచ్చి మామిడికాయలు కోసి ఉప్పూ కారం అద్దుకుని తినేవాళ్ళం. క్లోరిన్‌కి ఆమె జుట్టు కొబ్బరి పీచులా తయారైందని అమ్మ ఒకరోజు తల నిండా కొబ్బరినూనె పట్టించింది. మర్నాడు కొలనులో ఆమె వెనకాల నూనె తెట్టు తేలిందట. ఆమె కోచ్ అది చూసి, నూనె పూర్తిగా పోయేదాకా ఆమెని ఎండలో నిలబెట్టి తల రుద్దించాడు.

ఆ కోచ్‌ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు వణుకే. తెల్ల టోపీ, మెడలో విజిల్, చేతిలో స్టాప్‌వాచ్. అరిచేవాడు కాదు. ఎవరైనా నెమ్మదిగా ఈదితే వాళ్ళ వైపు వీపు తిప్పి నిలబడేవాడు. వాళ్ళు వేగం పెంచేదాకా అలాగే ఉండేవాడు. దానికంటే నాలుగు తన్నినా బాగుండును అనిపించేది. నేను బడి నుంచి వచ్చేటప్పుడు కొలను ఇనప కంచెలోంచి చూసేదాన్ని. ఆమెది బ్రెస్ట్‌స్ట్రోక్, మనవాళ్ళు కప్పఈత అంటారే, అది. మిగతా వాళ్ళు నీళ్ళని కొట్టుకుంటూ వెళ్తుంటే ఈమె చప్పుడు లేకుండా జారిపోయేది.

ఆమె కథంతా వచ్చీరాని ఇంగ్లీషులో ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఓడరేవు ఉన్న చిన్న ఊరు వాళ్ళది. నాన్నది ఎండుచేపల దుకాణం. చిన్నప్పుడు ఉబ్బసం ఉంటే, ఈదితే ఊపిరితిత్తులు గట్టిపడతాయని డాక్టరు చెప్పాడట. అలా నీళ్ళలో దిగిన పిల్ల, బడి దాటి, జిల్లా దాటి, అప్పుడు నాకున్న వయసుకి దేశానికే మొదటిదయిపోయింది. మరుసటేడు ఆసియా దేశాలన్నిటి పోటీలో బంగారు పతకం. ఊరు ఊరంతా రైలు స్టేషన్‌కి బ్యాండుతో వచ్చిందట. వాళ్ళ నాన్న దుకాణం మీద ఆమె బొమ్మ గీయించాడట. ఇంత గొప్ప సంగతి చెబుతూ ఆమె ఎందుకో తల దించుకుంది. "బిఫోర్, ఐ స్విమ్. ఆఫ్టర్, ఐ స్కేర్డ్" అంది. ప్రతి పోటీకి ముందు వాంతి చేసుకుంటుందట. ఓడిపోతే ఆ బొమ్మని ఏం చేస్తారు అన్నదే ఆమె దిగులు. నేనూ మా ఇంటి భయాలన్నీ చెప్పాను. నాన్న రిజిస్ట్రేషను, గోధుమరంగు కవర్లు, ఒక్క ఫిర్యాదుతో వెళ్ళిపోవాల్సిన సంగతి, అన్నీ. దొంగకి దొంగ తోడన్నట్టు పిరికివాళ్ళిద్దరం భలే కలిశాం.

ఆ వేసవి చివర సిటీలో పెద్ద పోటీ. ఆమె దేశం నుంచి ప్రపంచ పోటీలకి ఎవరు వెళ్ళాలో అందులో చూసి ఎంచుకుంటానని కోచ్ ముందే చెప్పేశాడు. గెలిచిన వాళ్ళు తనతో, ఓడినవాళ్ళు ఇంటికి. ఇంకో వారం ఉందనగా ఆమెకి దగ్గు పట్టుకుంది. పాత ఉబ్బసం కాబోలు, పడుకుంటే పిల్లికూతలు. కప్పఈతలో ప్రతి బారకీ తల పైకెత్తి ఊపిరి తీసుకోవాలి, ఆ ఊపిరే ఆడకపోతే ఇంకేముంది. అమ్మ మందు ఇవ్వబోతే రెండు చేతులూ అడ్డం పెట్టింది. తాను ఇచ్చింది తప్ప ఎవరిచ్చిన మందూ నోట్లో వేసుకోవద్దని, దగ్గు బిళ్ళ కూడా చప్పరించొద్దని కోచ్ ఆజ్ఞ. ఆ రోజుల్లో ఏవేవో మందులు తిన్నారని ఆటగాళ్ళ పతకాలు లాగేసుకోవడం టీవీలో తరచూ చూపించేవారు. "నో మెడిసిన్, ఆంటీ" అని ఏడుపు మొహం పెట్టింది.

మందు వద్దంటే మానెయ్, కషాయం మందు కాదుగా అంది అమ్మ. శొంఠి, మిరియాలు, వాము, బెల్లం వేసి మరిగించి ఇచ్చింది. ఆమె వాసన చూసి, అల్లం అని తెలుసుకుని, తాగింది. మర్నాడూ తాగింది. దగ్గు తగ్గలేదు. అమ్మకి మనసు ఊరుకోలేదు. మన అమ్మలందరికీ పుట్టుకతో వచ్చిన విద్య ఒకటుంది, మందు మింగని పిల్లలకి బెల్లంలోనో అరటిపండులోనో మాత్ర పెట్టి మింగించడం. చిన్నప్పుడు నాకు పెట్టిందే. అమ్మకీ ఆయాసం ఉండేది, ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రలు డబ్బాలో ఉన్నాయి. అందులోంచి అర ముక్క నూరి, ఎవరికీ చెప్పకుండా కషాయంలో కలిపేసింది. వరసగా రెండు రోజులు. దగ్గు ఆగింది. పిల్ల మొహం విప్పారింది.

పోటీ మర్నాడనగా సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాడు. అమ్మ గొప్పగా చెప్పింది.

"చూశారా, మీ డాక్టర్లెవరూ అక్కర్లేదు. ఆ పిల్ల దగ్గు చేత్తో తీసేసినట్టు పోయింది."

"ఏం ఇచ్చావ్?"

"కషాయమేనండీ. అందులో నా మాత్ర కాస్తంత కలిపాను. అది మందంటే తాగదు కదా."

నాన్న కలిపిన ముద్ద పళ్ళెంలో వదిలేశాడు. ఏ మాత్ర అని అడిగాడు. అమ్మ డబ్బా తెచ్చి చూపించింది. ఆయన డబ్బా మీది చిన్న అక్షరాలు చదివాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు, అందులో ఎఫెడ్రిన్ ఉంది, ఆటగాళ్ళు తినకూడని వాటిలో అదొకటి. ఒంట్లోంచి పోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. పోటీ రేపే. పోటీ అయ్యాక మొదటి ముగ్గురినీ పరీక్షకి తీసుకెళ్తారు, మూత్రంలో తేలుతుంది. మిగతా వాళ్ళలోంచి కూడా చీటీ తీసి ఒకరిని పిలుస్తారు. దొరికితే ఆమెని మళ్ళీ నీళ్ళలో దిగనివ్వరు. దేశం ముందు దొంగ అయిపోతుంది. మందు ఎక్కడిదని అడుగుతారు. ఒక డాక్టరు ఇంట్లోది.

అమ్మ నేల మీద కూలబడింది. పేరు పెట్టగల భయం అంతకుముందు నాకెప్పుడూ రాలేదు. అప్పటిదాకా మావన్నీ ఊహ భయాలు.

నాన్న నన్ను పంపి ఆ పిల్లని పిలిపించాడు. ఎదురుగా కూర్చోబెట్టి చిన్న చిన్న మాటల్లో అంతా చెప్పాడు. ఆమె ఏడవలేదు. ఒక్కటే అడిగింది, మొదటి ముగ్గురేనా అని. ముగ్గురూ, ఇంకొకరూ అన్నాడు నాన్న. నేను ఇప్పుడే వెళ్ళి మీ కోచ్‌తో చెప్తాను, తప్పు మాది, నీకేం తెలియదని చెప్తాను అన్నాడు. ఆమె లేచి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"యూ టెల్, ఐ గో హోమ్. యూ టెల్, యూ ఆల్సో గో హోమ్."

నేను చెప్పిన సంగతులన్నీ ఆమెకి గుర్తున్నాయి. నాన్న మొహం ఎర్రబడింది. "దట్ ఈజ్ మై ఫియర్, నాట్ యువర్స్" అన్నాడు. ఆమె కదల్లేదు. పోనీ కడుపునొప్పని చెప్పి మానెయ్యమన్నాడు. అలా మానేస్తే జట్టు డాక్టరు వెంటనే అన్ని పరీక్షలూ చేస్తాడని చేతులతో చూపించింది. తర్వాత ఫ్రిజ్ పక్కన కూర్చుని ఏడుస్తున్న అమ్మ దగ్గరికి వెళ్ళి, వీపు మీద చెయ్యి వేసి, "ఆంటీ, నో క్రై" అని వెళ్ళిపోయింది. నాన్న తల పట్టుకున్నాడు. ఆ పిల్ల ఇప్పుడు నా పేషెంటు, ఆమె ఒప్పుకోకుండా నేను నోరు విప్పకూడదు, విప్పకపోతే మనిషిని కాను అన్నాడు.

మర్నాడు ఆమె తన జట్టుతో వెళ్ళింది, మేము నాన్న కారులో వెళ్ళాం. పక్కింటి ఆంటీ కూడా ఫ్లాస్కు, గుడ్డు శాండ్‌విచ్‌లు పట్టుకుని మాతో బయల్దేరింది. దారి పొడుగునా ఆవిడే మాట్లాడింది. ఈతకొలను దగ్గర జనం, జెండాలు, ఒళ్ళు కాలిపోయే ఎండ. క్లోరిన్ వాసన, ఒంటికి రాసుకునే సన్‌క్రీమ్ వాసన, పక్కన ఎవరో కాలుస్తున్న మాంసం వాసన అన్నీ కలిసిపోయాయి. పరీక్ష చేసేవాళ్ళు నీడలో ఒక బల్ల వేసుకుని కూర్చున్నారు. నా కళ్ళు కొలను మీద కాదు, ఆ బల్ల మీదే.

ఆమె వచ్చి దిమ్మె ఎక్కింది. అమ్మ కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది. గెలవాలని ప్రార్థిస్తోందా ఓడాలని ప్రార్థిస్తోందా నాకు అర్థం కాలేదు. ఆవిడకీ తెలిసి ఉండదు.

తుపాకీ పేలింది. రెండు వందల మీటర్లు, కొలను పొడవునా నాలుగు సార్లు. రెండు సార్లు అయ్యేటప్పటికి ఆమె అందరికంటే నిలువెత్తు ముందుంది. ఆంటీ టోపీ ఊపుతూ కేకలు పెడుతోంది. కోచ్ గట్టు మీద స్టాప్‌వాచ్ చూసుకుంటూ, జీవితంలో మొదటిసారి అనుకుంటాను, నవ్వుతున్నాడు. మూడో సారీ ఆమే ముందు. నాన్న నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే వేళ్ళు తిమ్మిరెక్కాయి. గెలిచేస్తోంది, చెప్పింది అర్థం కాలేదేమో దీనికి అన్నాడు.

చివరి మలుపు తిరిగాక, తల పైకెత్తినప్పుడు ఆమె ఒకసారి పక్కకి చూసింది. మళ్ళీ ఎత్తినప్పుడు ఇంకో పక్కకి. బారలు ఆగలేదు, కాళ్ళు ఆగలేదు, అలిసిపోయినట్టు కూడా లేదు. ముందుకి పోవడం మాత్రం కొద్దికొద్దిగా తగ్గింది. ఒకరు దాటారు. గోడ దగ్గర పడుతుండగా ఇంకొకరు. ఆఖరి క్షణంలో మూడో మనిషి చేతులు గోడకి తగిలాక, ఆమె చేతులు తగిలాయి. జానెడు తేడా. ఆంటీ అయ్యో లవ్ అని కూర్చుండిపోయింది. నాన్న మాత్రం లేచి నిలబడ్డాడు. అంత సరిగ్గా ఓడాలంటే మిగతా ముగ్గురూ ఎక్కడున్నారో ప్రతి బారకీ తెలుసుకుంటూ ఈదాలి.

ఇంకా అయిపోలేదు. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకావిడ బల్ల దగ్గర్నుంచి లేచి కొలను వైపు వచ్చింది. మొదటి ముగ్గురి భుజాలూ తట్టింది. తర్వాత చేతిలో చీటీ చూసుకుంటూ మిగతా వాళ్ళ ముందు నడిచింది. మా జపాను పిల్ల తువ్వాలు కప్పుకుని వరసలో నిలబడి ఉంది. ఆవిడ ఆమె ముందు ఆగింది. మా అమ్మ గొంతులోంచి ఏదో చప్పుడొచ్చింది, నేను అలాంటి చప్పుడు మళ్ళీ వినలేదు. ఆవిడ ఇంకోసారి చీటీ చూసుకుంది, రెండడుగులు ముందుకి వేసి, పక్కన ఉన్న పొడుగాటి పిల్ల భుజం తట్టింది.

కోచ్ ఆమె వైపు వీపు తిప్పి నిలబడ్డాడు. ఆమె ఆ వీపుకే నడుం వంచి దణ్ణం పెట్టి, చాలాసేపు అలాగే ఉండిపోయింది.

మర్నాడు ఆమె ప్రయాణం. మధ్యాహ్నం కంచె దూకి వచ్చింది. అమ్మ వంటింట్లో పొయ్యి వెలిగించకుండా కూర్చుని ఉంది, ఆ పిల్లకి మళ్ళీ నా చేత్తో పెట్టనే పెట్టనంది. ఆమె తనే పళ్ళెం తీసుకుని బల్ల దగ్గర కూర్చుని, "ఆంటీ, రైస్ ప్లీజ్" అంది. అమ్మ లేచి అన్నం వండింది. నెత్తళ్ళు వేయించింది. ఆమె ఒక్క మెతుకు మిగల్చకుండా తిని, చెయ్యి కడుక్కుని, వెళ్ళిపోయింది.

జట్టు ఆమె లేకుండానే ప్రపంచ పోటీలకి వెళ్ళింది. ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు ఈదిందట గాని, మళ్ళీ ఆ స్థాయికి రాలేదు. చిన్న వయసుకే మానేసింది. నాన్నకి మరుసటేడు పూర్తి రిజిస్ట్రేషన్ వచ్చింది. ఇన్నేళ్ళు ఎదురుచూసిన కబురు అది. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ పాయసం వండలేదు.

నేను యూనివర్సిటీలో చదువుతున్నప్పుడు ఆమె ఒకసారి వచ్చింది, తన ఊరి బడిపిల్లల్ని ఈతకి వెంటపెట్టుకుని. నేనూ అమ్మా వెళ్ళి కలిశాం. ఇంగ్లీషు బాగా వచ్చేసింది, కాస్త ఒళ్ళు చేసింది. అమ్మ ఎన్నాళ్ళుగానో కూడబెట్టుకున్న ఇంగ్లీషంతా తీసి, "మై మిస్టేక్. యువర్ లైఫ్ గాన్" అంది. ఆమె అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. నెమ్మదిగా, అమ్మకి అర్థమయ్యేలా చెప్పింది. నాకు ప్రతి పోటీలోనూ ఓడిపోతానేమోనని భయం, ఆంటీ. ఆ ఒక్క రోజు మాత్రం గెలిచేస్తానేమోనని భయం వేసింది. చివరిదాకా ఎవరూ అందుకోలేదు నన్ను.

కారులో తిరిగి ఇల్లు చేరాక, అమ్మ ఇంకా సీటు బెల్టు తియ్యకుండానే, "అంటే ఆ రోజు అదే గెలిచేది కదే" అంది. అవునమ్మా అన్నాను. కాదని చెప్పి ఉండాల్సింది, నోరు రాలేదు.

ఇప్పుడు అమ్మకి ఎనభై దాటాయి. మోకాళ్ళు వంగవు, కుర్చీలోనే ప్రార్థన చేస్తుంది. పోయిన నాన్నని తలుచుకుని, నన్ను, అల్లుణ్ణి, పిల్లల్ని పేరుపేరునా చెప్పి, చివర ఒక జపాను పేరు చెప్పి ఆమేన్ అంటుంది. మా అమ్మాయి మొన్న నన్ను పక్కకి పిలిచి, "హూ ఈజ్ దట్? ఈజ్ షీ ఫ్యామిలీ?" అని అడిగింది.

అవునన్నాను.